జనం లేని నెలలో బారువ

పోలి పాడ్యమి వెళ్లిందంటే మా శ్రీకాకుళం జిల్లాలో బీచ్‌లు ఖాళీ అయిపోయినట్టే. కార్తీకమాసం నెల్లాళ్లూ వనభోజనాల బస్సులు, గ్యాస్ పొయ్యిలు, డీజే బాక్సులతో హోరెత్తిపోయిన ఇసుక, పోలిని స్వర్గానికి పంపిన మర్నాటి నుంచి ఎవరికీ గుర్తుండదు. మళ్లీ జనం కనబడేది సంక్రాంతికే, అదీ కనుమనాడు. మధ్యలో ఉన్న ఈ ఏడెనిమిది వారాల్లో "బారువ బీచ్‌కి వెళ్తున్నాం" అని చెబితే ఎవరైనా ఒకటే మాట అడుగుతారు. "ఇప్పుడక్కడ ఏటుంటాది?"

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్లు రాస్తాను. శనివారం సెలవు కావాలి, పాపని తీసుకుని బారువ వెళ్లాలి అని చెబితే మా మేనేజరు గారు కూడా అదే అన్నారు. "ఈ చలిలో సముద్రమేంటమ్మా, సంక్రాంతికి అందరితో కలిసి వెళ్లండి" అని. అందరితో కలిసి వెళ్లకూడదనే నేను డిసెంబరు ఎంచుకున్నాను. ఆ కారణం చెప్పాలంటే ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి.

2018 అక్టోబరు, దసరా సెలవులు. పాపకి అప్పుడు ఐదేళ్లు. మా కన్నవారి ఊరు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలం. మా ఇంటికీ సముద్రానికీ మధ్య నాలుగు కిలోమీటర్ల దూరం, ఆ దూరమంతా కొబ్బరి, జీడి తోటలు. మావారు కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. తుపాను వస్తోందని ఆయన డ్యూటీలో ఉండిపోయారు. నేనూ పాపా మా అమ్మానాన్నల దగ్గరే ఉన్నాం.

తిత్లీ 11వ తేదీ తెల్లవారుజామున తీరం దాటింది. గాలి గంటకు 150 కిలోమీటర్ల దాకా వీచిందని తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి మాకు అంకెలు తెలీవు, శబ్దమే తెలుసు. ముందు పెంకులు ఒక్కొక్కటీ లేచి గోడలకి తగిలాయి. తర్వాత పెంకుల శబ్దం కూడా వినబడనంత హోరు. ఆ హోరులో కొబ్బరిచెట్టు విరిగేముందు కిర్రుమనేది, తర్వాత కాళ్ల కింద నేల అదిరేది. శ్లాబు ఉన్నది వంటగది ఒక్కదానికే కాబట్టి అందరం అక్కడ గోడకి ఆనుకుని కూర్చున్నాం. పాప రెండు చెవులూ మూసుకుని నా ఒళ్లో ముడుచుకుపోయి అడిగింది: "అమ్మా, సముద్రం మన వీధిలోకి వచ్చేసిందా?"

"లేదమ్మా, అది గాలి" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. ఆ శబ్దం సముద్రానిదే అని ఆ రాత్రి దాని మనసులో పడిపోయింది.

తెల్లారాక మా నాన్న తోటలోకి వెళ్లి, పడిపోయిన చెట్లని ఒక్కొక్కదాన్నీ చేత్తో ముట్టుకుంటూ లెక్కపెట్టారు. 62 చెట్లకి 9 మిగిలాయి. మావారి ముఖం మేం చూసింది ఇరవై రోజుల తర్వాత. రోజుకో ఊళ్లో స్తంభాలెత్తుతూ ఆయన ఎక్కడ తిన్నారో, ఎక్కడ పడుకున్నారో. ఊళ్లో జనరేటరు అద్దెకి తెచ్చి బోరు ఆడిస్తే బిందెల వరస రోడ్డుదాకా ఉండేది. ఇదంతా ఉద్దానంలో ఇంటింటికీ ఉన్న కథే, ఇక్కడితో ఆపుతాను.

పాప సంగతి మాత్రం ఆగలేదు. టీవీలో "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట వినబడితే చాలు, దానికి టెన్షన్ మొదలవుతుంది. మిగతా ఊళ్లవాళ్లకి బంగాళాఖాతం భూగోళం పుస్తకంలో మాట. మా ఇంట్లో మాత్రం అది వాయుగుండానికి ఇంటిపేరు. పాప స్కూలు బ్యాగులో పుస్తకాలు తీసేసి టార్చిలైటు, కొవ్వొత్తులు, ఒక బిస్కెట్ ప్యాకెట్, తన ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటుంది. మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటినప్పుడూ అంతే. ఆ తుపాను గోదావరి జిల్లాల వైపు పోయింది, మాకు వానే పడింది. అయినా ఆ రాత్రంతా బ్యాగు కౌగిలించుకుని మంచం మీద కూర్చుంది. ఇప్పుడు అది ఏడో తరగతి. పన్నెండేళ్ల పిల్లని అలా చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో తల్లులకి చెప్పక్కర్లేదు.

నవంబరులో మా వీధివాళ్లందరం వనభోజనాలకి వెళ్లాం. సరుగుడు తోటలో వంటలు, వెనకాల సముద్రం. పాప మధ్యాహ్నమంతా సముద్రానికి వీపు పెట్టి, పాటల బాక్సుకి దగ్గరగా కూర్చుంది. అంత పెద్ద సౌండు పక్కన ఎందుకమ్మా, ఇటు రా అంటే, "ఇదే నయం, ఆ శబ్దం వినబడదు" అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మా నాన్నకి చెబితే కాసేపు ఆలోచించి, "మార్గశిరంలో తీసుకెళ్లు. జనం ఉండరు. అప్పుడు సముద్రం కట్టేసిన గేదెలాగ నెమరేసుకుంటా ఉంటాది. ఆ చప్పుడు విననీ" అన్నారు. ఆయన రైతు, చెప్పేదేదైనా అలాగే చెబుతారు. నాకు వెంటనే బారువ గుర్తొచ్చింది. చలికాలం అనగానే మా వైపు వాళ్లు తేలినీలాపురం పక్షుల్ని చూడ్డానికి వెళ్తారు. బారువ పేరు ఎవరూ ఎత్తరు. నాకు కావలసిందీ అదే.

డిసెంబరు 13, రెండో శనివారం. లక్ష్మివారం పూజలతో పేచీ లేదు, బడికి సెలవు. మావారికి డ్యూటీ కుదరక మేమిద్దరమే బయలుదేరాం. కాశీబుగ్గలో బస్సెక్కేసరికి ఏడైంది, పొగమంచు ఇంకా విడలేదు. హరిపురం దాటాక కోతలైపోయిన పొలాల్లో వరికుప్పలు మసకగా, ఏనుగులు పడుకున్నట్టు కనబడ్డాయి. సోంపేటలో దిగి ఒక కట్ట తేగలు కొన్నాను. ఉడకబెట్టిన తేగలు, ఇంకా వేడిగా ఉన్నాయి. అక్కడ్నుంచి ఆటో.

ఒక మాట ముందే చెప్పేస్తాను, ఎవరైనా వెళ్తే పనికొస్తుంది. బీచ్ దగ్గర ఒకచోట గది కోసం ఫోన్ చేసి, అడ్వాన్సు ఫోన్‌లోనే పంపి మరీ వెళ్లాను. తీరా వెళ్తే గేటుకి తాళం. కాపలా ఉన్నాయన, "పోలి పాడ్యమి నుంచి మూసీసినారమ్మా, మీకెవులు చెప్పినారు?" అన్నాడు. డబ్బు తీసుకున్న మనిషి ఫోన్ ఎత్తలేదు. నాలుగు రోజులు ఫోన్ చేశాక తిరిగి పంపాడనుకోండి, కానీ ఆడపిల్లని వెంటబెట్టుకుని సంచులతో ఆ గేటు ముందు నిలబడిన పది నిమిషాలు నాకు ప్రాణం విలవిల్లాడింది. సోంపేటలో మా పిన్ని ఉంది కాబట్టి సరిపోయింది. ఈ రోజుల్లో వెళ్లేవాళ్లు రాత్రికి సోంపేటలోనో, కంచిలిలోనో చూసుకోండి. తాగేనీళ్లు, తినడానికి ఏదో ఒకటి వెంట తీసుకెళ్లండి. కార్తీకంలో వరసగా ఉండే బజ్జీల బళ్లు ఒక్కటీ ఉండవు. తిరుగు ఆటోకి డ్రైవరు ఫోన్ నంబరు ముందే రాసుకోండి.

ఇక సముద్రం. కొబ్బరిచెట్లు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట పాప ఆగిపోయింది. నేను చెయ్యి పట్టి లాగలేదు. ఆ ఆఖరి చెట్టు మొదట్లోనే దుప్పటి పరిచి కూర్చున్నాం. నీళ్లకి అక్కడ్నుంచి వంద అడుగులు పైనే. కుడివైపు చూసినా ఎడమవైపు చూసినా మనిషన్నవాడు లేడు. దూరంగా ఇసుకలోకి లాగి పెట్టిన పడవలు నాలుగైదు, వాటి మీద వలలు. అంతే.

తేగలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. పై తొక్క తీసి, మధ్యకి చీల్చి, లోపలున్న సన్నటి చందమామని ముందు పాపకిచ్చాను. చిన్నప్పుడు నాకు మా నాన్న ఇచ్చేవారు. తేగ తినడం తొందరగా అయ్యే పని కాదు. పీచు తీసుకుంటూ, నములుతూ, మళ్లీ పీచు తీసుకుంటూ ఉండాలి. ఆ రోజు నాకు ఆ ఆలస్యమే కావాలి. నేను ఏమీ మాట్లాడలేదు. పాప కూడా మాట్లాడలేదు. శబ్దం మాత్రం వస్తూనే ఉంది.

అరగంట గడిచిందో ఏమో, పాప ఉన్నట్టుండి "అమ్మా, ఇసుక కదులుతోంది" అంది.

ఎర్రపీతలు. మేం కదలకుండా కూర్చునేసరికి మనుషులు లేరనుకుని బయటికొచ్చాయి. మొదట ఒకటి, ఇసుక కన్నంలోంచి రెండు కళ్లు మాత్రం పుల్లల్లా పైకి పెట్టి చూసింది. తర్వాత ఒక పక్కకి జరుగుతూ మొత్తం బయటపడింది. ఎండలో మిరపపండు రంగు. దాని వెనక ఇంకొకటి, ఆ పక్కన పది, చూస్తుండగా ఆ ఇసుకంతా ఎర్రగా చుక్కలు పెట్టినట్టైంది. కార్తీకంలో ఇవి ఒక్కటీ కనబడవు. అన్నేసి కాళ్లు, అంత మోత ఉంటే ఎక్కడివక్కడే లోపల దాక్కుంటాయి.

పాప దుప్పటి మీంచి లేచి, వంగి, నాలుగు అడుగులు వేసింది. పీతలన్నీ మాయం. అక్కడే గొంతుక్కూర్చుంది. మళ్లీ బయటికొచ్చాయి. మళ్లీ నాలుగు అడుగులు. ఇలా గంటసేపట్లో పిల్ల తనకి తెలియకుండానే తడి ఇసుక దాకా వెళ్లిపోయింది. అక్కడ వేరే రకం పీతలు, చిటికెన గోరంత. అవి ఇసుకని నోట్లో పెట్టుకుని, అందులో తినేదేదో తినేసి, మిగతాది ఆవగింజకంటే కాస్త పెద్ద ఉండగా చేసి వెనక్కి పడేస్తాయి. కన్నం చుట్టూ ఆ ఉండలు గీతలు గీతలుగా పేరుకుని, సంక్రాంతి చుక్కల ముగ్గులా ఉంటాయి. పాప బోర్లా పడుకుని ఒక పీత ఎన్ని ఉండలు చేస్తుందో లెక్కపెట్టింది. ముప్పై ఏడు దాకా లెక్కపెట్టాక అల వచ్చి ముగ్గు తుడిచేసింది. పీత మళ్లీ మొదలుపెట్టింది.

ఆ అల పాప మోచేతుల్ని కూడా తడిపింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అది లేచి వెనక్కి పరుగెత్తలేదు. లేచి కూర్చుని, చేతికున్న వాచీ చూసుకోవడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావు అని అడిగితే మాట్లాడొద్దని చెయ్యి చూపించింది. చాలాసేపయ్యాక చెప్పింది.

"ఒక అలకీ ఇంకో అలకీ మధ్య పది సెకన్లు. ఒక్కోసారి పన్నెండు. ఒక్కోసారి తొమ్మిది."

"సరే?"

"ఆ రాత్రి మధ్యలో ఆగలేదమ్మా. ఇది ఆగుతోంది."

నేను ఏడేళ్లుగా "అది గాలి శబ్దం, సముద్రానిది కాదు" అని ఎన్నిసార్లు చెప్పానో. నా మాట దానికి అందలేదు. అది దాని వాచీలో దొరికింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అటు తిరిగి తుడుచుకున్నాను. ఆ ఆగడం వినబడాలంటే అక్కడ ఇంకే చప్పుడూ ఉండకూడదు. మనిషి గొంతు కూడా. అందుకే ఈ నెలలో వెళ్లండని చెబుతున్నాను.

మధ్యాహ్నం నదివైపు నడిచాం. మహేంద్రతనయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో ఎర్రనీళ్లతో వచ్చే ఏరు ఈ రోజుల్లో సన్నబడి, అడ్డంగా పెరిగిన ఇసుకమేట పక్కనుంచి దారి చేసుకుని వెళ్తుంది. చూడ్డానికి మోకాలి లోతు అనిపిస్తుంది కానీ దిగకండి. మొగ దగ్గర ఇసుక కాలి కింద నిలవదని అక్కడ వల బాగుచేసుకుంటున్న కుర్రాడు మమ్మల్ని దూరంగానే ఆపేశాడు. గట్టు మీద నిలబడి పడమటికి చూస్తే మంచు విడిపోయి మహేంద్రగిరి నీలంగా కనబడింది. 1501 మీటర్ల కొండ. ఆ కొండల్లో పుట్టిన ఏరే మన కాళ్ల దగ్గర సముద్రంలో కలుస్తోందని చెబితే పాప కొండనీ నీళ్లనీ మార్చి మార్చి చూసింది. కోటిలింగేశ్వరస్వామి గుడిలో దణ్ణం పెట్టుకుని, చీకటి పడకముందే ఆటో ఎక్కేశాం. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు పోతుంది.

రాత్రి పిన్ని ఇంట్లో చలిమంట దగ్గర కూర్చున్నాం. పిన్నికి ఒడియా కూడా బాగా వచ్చు, ఆ సరిహద్దు ఊళ్లలో చాలామంది ఇళ్లల్లో రెండు భాషలూ ఉంటాయి. బారువ వెళ్లొచ్చామనగానే ఆవిడ వాళ్ల తాత కథ చెప్పింది. ఆయన రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లడానికి పడవెక్కింది ఈ రేవులోనేనట. బ్రిటిష్ వాళ్ల కాలంలో బారువ ఓడరేవు, ఇప్పుడు ఆ సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. 1917లో చిల్కా అనే ఓడ మంటలంటుకుని ఇక్కడే మునిగిపోయింది, ఆ ముక్కలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. పాప నిద్రొస్తున్నా కళ్లు విప్పుకుని విన్నది. "ఆ తాత మళ్లీ వచ్చారా?" అని అడిగింది. వచ్చారట, ఒక ట్రంకుపెట్టెతో. ఆ పెట్టె ఇప్పటికీ పిన్ని దగ్గరుంది, అందులో దుప్పట్లు పెట్టుకుంటుంది.

ఆదివారం తెల్లవారుజామున పాపే నన్ను లేపింది. ఆరింటికి బారువలో ఉన్నాం. మంచులో సముద్రం కనబడటం లేదు, వినబడుతోంది అంతే. లైట్‌హౌస్ దీపం ఒక్కటే ఉండుండి మంచు మీద పాలు పోసినట్టు తిరుగుతోంది. కాసేపటికి ఎదురుగా మంచు ముందు ఎర్రబడింది, తర్వాత సూర్యుడు పైకొచ్చాక గాని నీళ్లెక్కడున్నాయో తెలియలేదు. నీళ్లు నున్నగా ఉన్నాయి, పేడతో అలికిన వాకిలిలా. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి పొద్దున్న గాలి కొండవైపు నుంచి సముద్రంలోకి వీస్తుందని, అందుకే అలలు చిన్నగా ఉంటాయని పాప సైన్స్ పాఠం నాకు చెప్పింది. నిన్నటిదాకా ఈ పిల్ల గాలి అనే మాట నోట్లోంచి రానిచ్చేది కాదు.

అప్పటికే ఒక వల ఒడ్డుకి లాగుతున్నారు. పెద్దవల. రెండు వైపులా పది పన్నెండు మంది చొప్పున తాడు పట్టుకుని వెనక్కి నడుస్తారు, గట్టెక్కినవాడు తాడు వదిలేసి మళ్లీ నీళ్ల దగ్గరికెళ్లి పట్టుకుంటాడు. మగవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ. కార్తీకంలో జనం సెల్ఫీలు తీసుకుంటూ తాళ్లకి అడ్డంపడుతుంటే విసుక్కునేవాళ్లు, ఆ రోజు ఒంటరిగా నిలబడ్డ పిల్లని చూసి పిలిచారు. "ఓ గుంటా, చలేస్తంది కదా, ఇలా రా, తాడట్టుకో, ఎచ్చగుంటాది!"

పిలిచిన తాతకి డెబ్భై ఏళ్లుంటాయి. తలకి మఫ్లరు, ఒంటి మీద చొక్కా లేదు. పాప నా వైపు చూసింది. నేను తలూపాను. తాడు తడి ఇసుకతో గరుగ్గా ఉంటుంది, అరచేతులు ఎర్రబడిపోతాయి. అరగంట లాగింది. లాగుతూనే తాతతో మాట్లాడింది, నేను వెనకాల నడుస్తూ విన్నాను.

"తాతా, తిత్లీ రాత్రి మీరెక్కడున్నారు?"

"బళ్లో ఉన్నాం పాపా. పడవలన్నీ రోడ్డు మీదకి లాగీసినాం. అయినా రెండు పోనాయి."

"మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? బయమేసిన రోజు ఏటకెల్లం. గట్టునే కూకోని వల బాగుచేసుకుంటాం. మళ్లీ మంచిరోజు ఒస్తాది కదా, అప్పుడెల్తాం."

"ఈ రోజు మంచిరోజా?"

"మంచిరోజు కాపోతే నువ్వొస్తావేటి?" అని తాత నవ్వాడు. చలికాలమే తమకి కాస్త నిదానమని, ఏప్రిల్ 15 వస్తే మళ్లీ 61 రోజులు మరబోట్లన్నీ గట్టునే ఉంటాయని చెప్పాడు.

వల గట్టెక్కింది. సంచిలాంటి చివర విప్పితే వెండి ముద్దలా నెత్తళ్లు, మధ్యమధ్య కవళ్లు, రెండు మూడు సావళ్లు బెల్టుల్లా మెలికలు తిరుగుతూ. ఇంతమంది లాగినదానికి అది పెద్ద వేట కాదని వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసింది. అయినా పంపకం దగ్గర తాత ఒక దోసెడు నెత్తళ్లు తీసి కవర్లో వేసి పాపకిచ్చాడు. నేను డబ్బు తియ్యబోతే కోప్పడ్డాడు. "తాడట్టుకున్నోలకి వాటా ఉంటాదమ్మా. కొనుక్కునీది కాదిది." పాప ఆ కవరు రెండు చేతులతో పట్టుకుంది, పరీక్షలో ప్రైజు ఇచ్చినప్పుడు కూడా అలా పట్టుకోలేదు.

తిరిగొస్తుంటే ఒకచోట పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. దాని వీపు మా ఇంటి కంచం పీట కంటే పెద్దది. పాప చూడకుండా దారి మళ్లించాలనుకున్నాను, కానీ అప్పటికే చూసేసింది. ఆలివ్ రిడ్లే తాబేలు. సంక్రాంతి తర్వాత ఇవి రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కోటి వందకి పైగా. ఆ వచ్చే దారిలో ట్రాలర్ల వలల్లో చిక్కుకుని, పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయి. శ్రీకూర్మంలో కూర్మావతారానికి గుడి కట్టి దణ్ణం పెట్టుకునే జిల్లా మనది. అదే జిల్లా ఒడ్డున ఈ తాబేలు ఇలా పడి ఉండటం నాకు చాలా బాధేసింది. పాప దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వీపు మీద పేరుకున్న ఇసుకని చేత్తో తుడిచింది. "సముద్రం దీన్ని చంపలేదు కదమ్మా?" అంది. లేదమ్మా అన్నాను. ఈసారి నమ్మింది. గుడ్లని అటవీశాఖ వాళ్లు ఏరి కంచె లోపల ఇసుకలో పాతిపెడతారని, యాభై రోజుల దగ్గర్లో పిల్లలు బయటికొస్తే సముద్రంలో వదులుతారని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చాను.

పిన్ని మార్గశిరంలో శనివారం నీసు ముట్టదు, ఆదివారానికి పట్టింపు లేదు. నెత్తళ్లు చింతపండు, పచ్చిమిర్చి వేసి దగ్గరగా వండింది. పాప తన వాటా అని అందరికీ తనే వడ్డించింది.

టార్చిలైటు ఇప్పటికీ దిండు కింద ఉంది. ఉండనివ్వండి, నేను తీయమని చెప్పను. నాన్న తిత్లీ తర్వాత వేసిన కొబ్బరిమొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. దేని సమయం దానికి పడుతుంది.

మొన్న కొత్త క్యాలెండరు తగిలించగానే పాప ఫిబ్రవరి పేజీ తీసి, 14, 15 తేదీల చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది. రెండో శనివారం, ఆదివారం. తాబేళ్ల గుడ్లు చూడ్డానికట. నేను దగ్గరికెళ్లి చూస్తే 15న మహాశివరాత్రి. కోటిలింగేశ్వరస్వామి గుడికి, సముద్ర స్నానాలకి ఊళ్లకి ఊళ్లు కదిలొస్తాయి, మైకులు ఉంటాయి అని చెప్పాను. పాప కాసేపు క్యాలెండరు వైపు చూసి, ఆ రెండు సున్నాల మీద గీత కొట్టేసి, ముందు వారం ఆదివారం, 8వ తేదీ చుట్టూ చుట్టింది.

"పొద్దున్న నాలుగింటికి లేస్తే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. నాన్న కూడా రావాలి, వాచీ ఆయన దగ్గర కూడా ఉంది" అంది.